ఎంగిలి కాని థర్మామీటరు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా ఊరి మహిళా మండలి వండిన మామిడిపండ్ల జామ్‌లో, రొట్టె దొరికినవాళ్ళు రొట్టెకి పూసుకుని, దొరకనివాళ్ళు ఇడ్లీకి అద్దుకుని ఊరంతా మెచ్చుకున్న ఆ జామ్‌లో, బెజవాడలో కొట్టు నడిపే ముక్కూ మొహం తెలియని ఒకాయన సగం తాగిన టీలో ముంచి తీసిన పుల్లని ముంచాను. పొరపాటున కాదు, తెలిసే ముంచాను. నా డైరీకి నేను చెప్పని సంగతంటూ ఉండేది కాదు గానీ, ఆ రోజు పేజీలో మాత్రం "కొట్టులో ఒకటి జరిగింది" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఊరుకున్నాను.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మా వైపు థర్మామీటరు అంటే ఒక్కటే. కాంపౌండరు గారి చొక్కా జేబులో పెన్ను పక్కన ఉండేది, నాలుక కింద పెట్టేది. వంటకీ దానికీ సంబంధం ఉందని ఎవరైనా అంటే జ్వరం వాళ్ళకే వచ్చిందనుకునేవాళ్ళం. పాకం ముదిరిందో లేదో వేళ్ళకి తెలియాలి, నూనె కాగిందో లేదో చెవికి తెలియాలి. ఈ విద్యల్లో మా పెద్దమ్మని మించినవాళ్ళు రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట దాకా లేరని ప్రతీతి. (ప్రతీతి పుట్టించింది పెద్దమ్మే అని బాబాయి అనేవాడు.) ఆవిడ మా నాన్నగారి అన్నగారి భార్య. మహిళా మండలికి అధ్యక్షురాలు వేరే ఉన్నారు గానీ, పొయ్యి వెలిగిందంటే అధికారం పెద్దమ్మది.

ఇక నా సంగతి. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చదువు ఆపి ఇంట్లో కూర్చున్నాను. చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. పచారీ పొట్లాల కాగితాలు కూడా విప్పి, చదునుచేసి, చదివి, కథ మధ్యలో ఆగిపోతే మిగతా సగం కోసం మళ్ళీ అదే కొట్టుకి ఉప్పు కొనడానికి వెళ్ళిన రోజులున్నాయి. మాట మాత్రం పైకి వచ్చేది కాదు. నేను అన్నం పెట్టమని అడిగితే పక్కనే కూర్చున్న అమ్మకి వినపడేది కాదు. "దీనికి గొంతు బిగించే వేళకి బ్రహ్మగారింట్లో కరెంటు పోయినట్టుంది" అనేవాడు బాబాయి.

ఆ వేసవిలో గాలివానకి తోటల్లో కాయ విపరీతంగా రాలింది. దెబ్బ తగిలిన చిన్నరసాల్ని ఎవరూ కొనరు. పచ్చళ్ళు పెట్టినన్ని పెట్టారు, తాండ్ర పోసినంత పోశారు, ఇంకా వసారాల్లో గడ్డి కింద గుట్టలు గుట్టలుగా మాగుతున్నాయి. అప్పుడే నూజివీడు పండ్ల నిల్వ శిక్షణ కేంద్రం నుంచి ఒకావిడ మా ఊరికి రావడం మొదలుపెట్టారు. ప్రతి శుక్రవారం పదింటి బస్సుకి దిగేవారు. గంజి పెట్టిన చీర, మణికట్టు లోపలివైపుకి తిప్పిన గడియారం. మేమందరం ఆవిణ్ణి జామ్ టీచరు గారు అనేవాళ్ళం. వచ్చిన మొదటి రోజే ఆవిడ ఒక మాటన్నారు: "జామ్ అంటే అదృష్టం కాదమ్మా, అంకె. నూట అయిదు డిగ్రీలు. నూట మూడుకి దించితే పానకం, నూట ఎనిమిది దాకా ఉంచితే ఇటుక." ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. నెల తిరిగేలోగా మా మండలి సొంతంగా ఒక వాయి జామ్ సరిగ్గా వండి చూపిస్తే, మాలో చదువుకున్న ఒక అమ్మాయిని తన కేంద్రంలో సహాయకురాలిగా తీసుకుంటారట. మాలో చదువుకున్న అమ్మాయిని నేనొక్కదాన్నే. ఆ కేంద్రానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డు దాటితే చాలు, శాఖా గ్రంథాలయం ఉంది. ఒకసారి పెళ్ళికి వెళ్తూ బస్సులోంచి చూశాను. తలుపు తెరిచే ఉంది. లోపల నాలుగు బీరువాలు కనపడ్డాయి. బస్సు మలుపు తిరక్కుండా ఉంటే అయిదోది కూడా కనపడేది. నాకు జామ్ మీద ఎంత ఆసక్తి పుట్టిందో ఇక వేరే చెప్పాలా.

మొదటి వాయి రోజున జామ్ టీచరు గారు సంచిలోంచి గాజు థర్మామీటరు తీశారు. అడుగు పొడవుంది. పెద్దమ్మ తెడ్డు తిప్పడం ఆపేసింది.

"ఏంటండీ అది?"

"థర్మామీటరండీ. ఉడికే జామ్‌లో పెట్టి వేడి చూస్తాం."

"నోట్లో పెట్టేదాన్ని వంటలో పెడతారా?"

"ఇది కొత్తదండీ. ఎవరి నోట్లోనూ పెట్టలేదు."

"కొత్తదైతే మాత్రం? కొత్త చెప్పు కదా అని కంచంలో పెట్టుకుంటామా అండీ?"

జామ్ టీచరు గారి పుస్తకాల్లో ఈ ప్రశ్న వచ్చినట్టు లేదు. మొత్తానికి పెట్టారు. పెద్దమ్మ మూడడుగులు వెనక్కి వేసి, ఆ గుండిగలోది తను చచ్చినా రుచి చూడనని అందరికీ వినపడేలా ప్రకటించింది. థర్మామీటరు చూసి అంకెలు చదివే పని నాకు అప్పగించారు. అక్కడే వచ్చింది చిక్కు. పదిహేను మంది ఆడవాళ్ళు, కట్టెల పొయ్యి చిటపటలు, పండ్ల తొక్కల మీద ఈగలు, ఈగల్ని తోలేవాళ్ళ కబుర్లు. "నూట మూడు" అన్నాను. ఎవరికీ వినపడలేదు. "నూట అయిదు" అన్నాను. "ఏంటమ్మా?" అన్నారు ఒకరు. ఆవిడకి జవాబు చెప్పే ధైర్యం కూడగట్టుకునేసరికి నూట తొమ్మిది. ఆ వాయి సీసాల్లోంచి బయటికి రాలేదు. బాబాయి ఒక సీసా పగలగొట్టి, లోపలి ముద్దతో గోడకి మేకు కొట్టి చూపించాడు. మేకు వంగింది, జామ్ వంగలేదు.

"వచ్చే శుక్రవారం మీరే వండండి, నేను చూస్తాను. ఈలోగా సాధన చెయ్యండి" అని జామ్ టీచరు గారు థర్మామీటరుని నాకు అప్పగించి వెళ్ళారు. ఆవిడకి ఉన్నది అదొక్కటే. దాన్ని నా చీరలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టాను. ఆదివారం మధ్యాహ్నం సాధనకని బయటికి తీశాను. చూస్తే పాదరసం ముప్ఫైమూడు దగ్గరుంది. వాడబోయే ముందు పాదరసం కిందికి దించాలి కదా! చిన్నప్పట్నుంచీ కాంపౌండరు గారిని చూస్తున్నాం, దేనికైనా పద్ధతి ఉంటుంది. అచ్చం ఆయనలాగే మణికట్టు వదులుచేసి, మోచేయి బిగించి, టకటకా రెండుసార్లు విదిలించాను. మూడోసారి రోలుకి తగిలింది.

ఎండాకాలం గది వేడే ముప్ఫైమూడు ఉంటుందనీ, వంట థర్మామీటరుని విదిలించనక్కర్లేదనీ ఆ క్షణంలో నాకు తట్టలేదు. పాదరసం బొట్లు బొట్లుగా రోలు కింద చేరింది. చప్పుడు విని పెద్దమ్మ వచ్చింది. అట్టముక్కతో ఆ బొట్లన్నీ ఎత్తి, సీసాలో పోసి బిరడా బిగించింది. "పీడా విరగడైంది. గుండిగలో పగల్లేదు, అంతే చాలు" అంది. తర్వాత నా మొహం చూసింది. నేను నోరు విప్పి చెప్పకపోయినా గ్రంథాలయం సంగతి ఆవిడకి తెలుసేమోనని నాకిప్పటికీ అనుమానమే.

"ఏడవకే. బాబాయితో బెజవాడ వెళ్ళి ఇంకోటి తెచ్చుకో. ఇలాంటిది మాత్రం వద్దు. ఎంగిలి కాని రకం ఏదైనా చూడు. అది తెస్తే పొయ్యి దగ్గర నేనూ నిలబడతా."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. బెజవాడలో ల్యాబు సామాన్లు అమ్మే కొట్టు వెతికి పట్టుకునేసరికి పదకొండైంది. కొట్టాయన లావుగా, నెమ్మదిగా ఉన్నారు. బల్ల మీద పొగలు కక్కుతూ టీ గ్లాసు.

"ఏ కాలేజీ అండీ?"

"కాలేజీ కాదండీ, జామ్" అన్నాడు బాబాయి.

కొట్టాయన ముందుగా గాజుది తీశారు. "నోట్లో పెట్టే రకం వద్దండీ" అన్నాడు బాబాయి. "ఇది నోట్లో పట్టాలి కదండీ! అడుగు పొడవుంది." "పట్టకపోయినా ఆ పోలిక చాలండీ, మా వదిన పొయ్యి ఆర్పేస్తుంది." కొట్టాయన టీ ఒక గుక్క తాగి రెండోది తీశారు. గుండ్రంగా గడియారంలా ఉంది, ముల్లుంది. చూడ్డానికి ఎవరి నోటికీ సంబంధం లేనట్టే ఉంది. నేను దగ్గరికి తీసుకుని చూశాను. ఒక్కో గీతకీ అయిదు డిగ్రీలు. నూట మూడూ నూట అయిదూ ఆ ముల్లు మందంలోనే ఇరుక్కుపోతాయి. పానకానికీ జామ్‌కీ మధ్య తేడా చెప్పలేని ముల్లు నాకెందుకు? తల అడ్డంగా ఊపాను.

"అయితే డిజిటల్ చూడండి" అని మూడోది తీశారు. చిన్న ట్రాన్సిస్టరు అంత నల్ల పెట్టె, దానికి వైరు, వైరు చివర పెన్సిలంత స్టీలు పుల్ల. బొత్తాం నొక్కగానే ఎర్రటి అంకెలు వెలిగాయి. ముప్ఫైరెండు. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా కనపడేటంత అంకెలు. ఇది ఉంటే ఎవరూ చదివి చెప్పక్కర్లేదు! పెట్టెని కిటికీలో పెడితే చాలు, పదిహేను మందీ ఎవరికి వాళ్ళు చూసుకుంటారు. నేను నోరు విప్పక్కర్లేదు, జన్మలో విప్పక్కర్లేదు. మనుషులు ఎన్నెన్నో కారణాలతో థర్మామీటర్లు ఎంచుకుంటారు కాబోలు. నాది ఇది.

"పనిచేస్తుందాండీ?" అన్నాడు బాబాయి.

"చూడండి మరి" అని కొట్టాయన, మేము అయ్యో అనేలోగా, ఆ పుల్లని తన టీ గ్లాసులో ముంచారు. అంకెలు పరిగెత్తాయి. నలభై, యాభై, అరవై రెండు. "చూశారా?" అన్నారు. పుల్ల తీసి, తుడిచి, మిగిలిన టీ హాయిగా తాగేశారు.

బాబాయీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎంగిలి కాని థర్మామీటరు కోసం ఇంత దూరం వస్తే, బెజవాడ మొత్తానికి ఎంగిలైన థర్మామీటరు అదొక్కటే!

"ఇలాంటిదే ఇంకోటి ఉందాండీ?" అన్నాడు బాబాయి నీరసంగా.

"ఉన్నదొక్కటేనండీ. మళ్ళీ మద్రాసు నుంచి రావాలి, రెండు నెలలు."

శుక్రవారానికి నాలుగు రోజులుంది. నేను తల నిలువునా ఊపాను.

తిరుగు బస్సు మైలవరంలో ఆగగానే బాబాయి నిట్టూర్చి, "వదినకి చెప్పకు" అన్నాడు. "చెప్పను" అన్నాను. "నువ్వెలాగూ చెప్పవులే, నా సంగతి చూసుకోవాలి" అన్నాడు.

నా మనసు ఊరుకోలేదు. మంగళవారం మధ్యాహ్నం అందరూ కాయలు ఏరడానికి తోటకి వెళ్ళాక, కిరసనాయిలు స్టవ్ మీద నీళ్ళు పెట్టి ఆ పుల్లని మరిగించాను. అంత మరిగితే టీ ఏంటి, టీ జ్ఞాపకం కూడా మిగలదని నా నమ్మకం. పెట్టెలో అంకెలు ఎక్కుతున్నాయి. నీళ్ళు తెర్లి తెర్లి మరుగుతున్నాయి. అంకెలు తొంభై ఏడు దగ్గర ఆగాయి. ఇంకాసేపు చూశాను. గిన్నెలో నీళ్ళు సగమయ్యాయి, అంకె మాత్రం కదల్లేదు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని తొమ్మిదో తరగతిలోనే చదివాను. అంటే పెట్టె మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. అంటే అది నూట రెండు చూపించినప్పుడే నూట అయిదు అయినట్టు. ఎర్ర అంకెల్ని నమ్ముకుని నూట అయిదు దాకా కూర్చుంటే మళ్ళీ ఇటుకే, నా గ్రంథాలయం ఆ ఇటుకల వెనకే.

చెప్పెయ్యచ్చు కదా అంటారు. ఎలా చెప్పను? నీళ్ళలో ఎందుకు మరిగించావే అని పెద్దమ్మ అడిగితే? (నాకు అబద్ధం చెప్పడం రాదు. నిజం చెప్పడమే సరిగ్గా రాదు, ఇక అబద్ధమా.) చివరికి ఒక చీటీ రాశాను. "టీచరు గారికి నమస్కారం. ఈ పెట్టె మూడు డిగ్రీలు తక్కువ చూపుతున్నది. దయచేసి గమనించగలరు." మూడుసార్లు తిరగరాసి, అందమైన ప్రతిని మడిచి బొడ్లో దోపుకున్నాను. శుక్రవారం ఆవిడ రాగానే చేతిలో పెడితే సరి, మాట్లాడే పని ఉండదు.

శుక్రవారం ఆవిడ వచ్చారు. గాజుది పగిలిందని బాబాయి ముక్తసరిగా చెప్పి, పెట్టె చూపించాడు. "డిజిటలే! మా కేంద్రంలో కూడా లేదు" అని ఆవిడ మురిసిపోయి, గాజుదాని ఊసే మర్చిపోయారు. పెద్దమ్మ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇది పరవాలేదు. రేడియోలా ఉంది" అని పొయ్యి దగ్గరికి వచ్చి తెడ్డు పట్టుకుంది. నేను బొడ్లో చీటీ తడిమి చూసుకున్నాను. పండ్ల గుజ్జు, పంచదార, నిమ్మ ఉప్పు గుండిగలోకి వెళ్ళాయి. జామ్ టీచరు గారు గుజ్జు పిసికిన చేత్తోనే నిలబడి ఉన్నారు. అదే అదనని చీటీ అందించాను. "థాంక్సమ్మా" అని ఆవిడ దాంతో శుభ్రంగా చెయ్యి తుడుచుకుని పొయ్యిలో వేశారు.

నా అందమైన ప్రతి రెండు క్షణాలు మండింది.

ఎనభై. తొంభై. తొంభై ఎనిమిది. అందరూ కిటికీలో పెట్టె వైపే చూస్తున్నారు, కబుర్లు కూడా ఆగిపోయాయి. నూరు. నూట ఒకటి. పెద్దమ్మ తెడ్డు పైకెత్తి చూసింది. జామ్ బొట్లుగా కాక, ముద్దగా పలకలా జారింది.

"అయిపోయిందండీ. దించెయ్యచ్చు."

"ఇంకా నూట రెండే కదండీ. నూట అయిదు రావాలి" అన్నారు జామ్ టీచరు గారు.

"మీ అంకెల సంగతేమో గానీ, తెడ్డు చెబుతోందండీ."

"తెడ్డు చెప్పిందనే కదండీ ఊరూరా జామ్ పాడవుతోంది. ఇంకో మూడు డిగ్రీలు ఉంచండి."

పెద్దమ్మ తెడ్డు మళ్ళీ గుండిగలో పెట్టింది. గుజ్జు రంగు ముదురుతోంది. మళ్ళీ ఆ ఇటుకలు కనపడ్డాయి, వాటి వెనక నాలుగు బీరువాలు, నేను చూడని అయిదోది.

"దించెయ్యండి!"

ఎవరో అరిచారు. ఎవరా అని నేను కూడా చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"దించెయ్యండి పెద్దమ్మా! ఆ పెట్టె మూడు తక్కువ చూపిస్తోంది! మంగళవారం నీళ్ళు తొంభై ఏడుకే మరిగాయి!"

పెద్దమ్మ ఇంకెవరినీ అడగలేదు. మసిగుడ్డలు పట్టి, పక్కావిడ సాయంతో గుండిగ దించేసింది. జామ్ టీచరు గారు నా వైపు తిరిగారు.

"మంగళవారం నీళ్ళలో ఎందుకు పెట్టావమ్మా?"

వచ్చిన గొంతు వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది. బాబాయి ఇంటి పైకప్పు వైపు చూస్తున్నాడు. కొట్టూ, టీ గ్లాసూ, తుడిచిన పుల్లా అన్నీ నా మొహం మీద రాసి ఉన్నాయనిపించింది. అప్పుడు పెద్దమ్మ అందుకుంది.

"కొత్త వస్తువు కదండీ, కడక్కుండా ఎలా వాడతాం? మరిగే నీళ్ళలో ఒకసారి వేసి తీస్తాం. మా ఇంటి పద్ధతి అది."

మా ఇంట్లో అలాంటి పద్ధతి ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. అయినా ఆ క్షణంలో ఆ పద్ధతికి వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాను.

సీసాలు నింపి, పైన మైనం పోసి, చల్లారేదాకా కాచుకున్నాం. ఈలోగా జామ్ టీచరు గారు స్వయంగా నీళ్ళు మరిగించి పుల్ల ముంచి చూశారు. తొంభై ఏడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సాయంత్రం బస్సు వేళకి ఒక సీసా తీసి, మైనం ఒలిచి తలకిందులుగా పట్టుకున్నారు. జామ్ కదల్లేదు. చెంచా దించితే మెత్తగా దిగింది. పెద్దమ్మ నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. తెరిచి, "చిన్నరసం చిన్నరసంలాగే ఉంది" అంది. నా గుండెల మీంచి రోలు ఒకటి దిగిపోయింది. అదే రోలు అయ్యుంటుంది.

"ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా? సోమవారం వచ్చెయ్" అన్నారు జామ్ టీచరు గారు బస్సెక్కుతూ.

తర్వాత ఆ కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఎన్ని వందల మందికి జామ్ నేర్పానో, ఎన్ని గాజువి పగలగొట్టానో లెక్కలేదు. గొంతు మాత్రం పెద్దగా పెరగలేదు, గుండిగ దించాల్సినప్పుడు తప్ప. ఎదురుగా ఆ బీరువాలు అయిదు కాదు, ఏడున్నాయి. ఇప్పటికీ కొత్త థర్మామీటరు చేతికొస్తే ముందు మరిగే నీళ్ళలో వేసి చూస్తాను. ఎందుకని అడిగినవాళ్ళకి, మా ఇంటి పద్ధతి అని చెబుతాను. ఒక టీ గ్లాసు కోసం వారం రోజులు వణికిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పక్కనే, ఆ పిల్లని పిలిచి కాస్త మంచినీళ్ళివ్వాలనీ అనిపిస్తుంది.

ఆ సోమవారం పొద్దున్న నన్ను బస్సెక్కించడానికి పెద్దమ్మ వచ్చింది. క్యారియర్ కిటికీలోంచి అందించింది. బస్సు కదలబోతుంటే కమ్మీ పట్టుకుని, ఊరంతా వినేలా కాకుండా నాకొక్కదానికే వినపడేలా అంది:

"ఆ టీ గ్లాసు సంగతి మీ బాబాయి బస్సు దిగీ దిగగానే చెప్పేశాడే. ఎంగిలని ఆ రోజే అంటే నువ్వు మళ్ళీ గదిలోకెళ్ళి డైరీ రాసుకుంటూ కూర్చునేదానివి. అయినా అంత మరిగాక ఇంకా ఎంగిలేంటి? క్యారియర్‌లో పులిహోర ఉంది, పదింటికే తినెయ్, మధ్యాహ్నందాకా ఉంచకు."